బల్లలమ్మ గుడిలో చెక్క నేల

పొన్నలంక బల్లలమ్మవారి ఆలయంలో రాతి నేల లేదు. గర్భగుడి గడప నుంచి ధ్వజస్తంభం దాకా పరచినవన్నీ చెక్క బల్లలే. ఒక్కొక్కటి ఒక్కొక్క పడవ పేరున వచ్చింది. అమ్మవారి మూలరూపం కూడా ఒక బల్లే.

పూర్వం ఇక్కడ పోలయ్య అనే పడుచువాడు ఉండేవాడు. అతని ఆస్తి అంతా ఒక్క మద్దిమాను. లెక్కలో దిట్ట గనుక, కోయకముందే దాన్ని కంటితో కొలిచి పద్నాలుగు బల్లలు వస్తాయని తేల్చాడు. పడవకు కావలసినవీ అన్నే. లంకకు వేరే పడవ లేదు. గోదావరికి వరద వచ్చేలోగా ఇది నీళ్లలో దిగాలి.

అంచుకు బిగించవలసిన చివరి జత మిగిలి ఉండగా, ఒక ముసలమ్మ వచ్చింది.

"నాయనా, నా కోడలు నొప్పులు పడుతోంది. పాకంతా నీటి ఊట. పడుకోబెట్టడానికి ఒక బల్ల ఇయ్యి."

"లెక్కకు సరిగ్గా ఉన్నాయి, అవ్వా!"

"లెక్క నీది. బిడ్డ నాది."

పోలయ్య బల్ల భుజానికెత్తుకుని పాకలో వేసి వచ్చాడు. "ఒక వైపు అంచు లేని పడవా అల్లుడూ? పశువులకు కుడితి తొట్టిగా పనికొస్తుందిలే!" అని మేనమామ కొర్లయ్య ఎగతాళి చేశాడు.

ఆ రాత్రి ముసలమ్మ కలలో కనిపించింది. "ఆ బల్ల మీద నేనుంటాను. దాని జోడునూ పడవకు కొట్టకు" అంది. తెల్లవారి చూస్తే పాకలో మనుషులు లేరు. బల్ల మీద చిన్న పసుపు పాదాలున్నాయి.

రెండు అంచులూ ఒక బల్ల తగ్గించి పోలయ్య పడవ ముగించాడు. అంతలో వరద వచ్చిపడింది. అంచు తక్కువ గనుక ఒక్కో విడతకు ఎందరిని ఎక్కించవచ్చో మళ్లీ లెక్క వేసుకున్నాడు. మొలలోతు నీళ్లలో నిలిచినవారికి ఆ అంచే అందింది. మిట్టమీది ముసలివారికి, బాలింతలకు మిగిలిన బల్ల వంతెన అయింది. దాని మీద చివరగా నడిచినవాడు కొర్లయ్య. "తొట్టిలోకి రా మామా" అని పోలయ్య చెయ్యి అందించాడు. లంకలో ఒక్క ప్రాణమూ పోలేదు.

నేటికీ ఇక్కడ పడవ కట్టేవారు చివరి జతను అంచుకు బిగించరు. ఒకటి పడవ ఎక్కడానికి వాడతారు. రెండోది మేళతాళాలతో గుడికి వస్తుంది. పసుపు రాసి నేలలో పరిచాక, దాని మీద తొలి అడుగు పడవ యజమాని వేయడు. నెలలు నిండిన చూలాలు వేస్తుంది. ఆమెకు సుఖప్రసవం, పడవకు క్షేమం కలుగుతాయి.

ఈ ఏటి బల్ల ధ్వజస్తంభం పక్కన పరిచారు. పసుపు ఇంకా తడిగానే ఉంది. అత్తగారి చెయ్యి పట్టుకుని, చూలాలు కుడికాలు ఎత్తింది.