దాలమ్మ పేనిన తాడు

అలల్ని ఎవరూ లెక్కపెట్టని కాలం. గాలులకి ఇంకా పేర్లు పెట్టని కాలం. ఆ కాలంలో సముద్రపొడ్డున గవ్వలపాలెం అని ఒక ఊరు. ఆ ఊళ్ళో దాలమ్మ అని ఒక అవ్వ.

దాలమ్మకి పడవ లేదు, వల లేదు, నోట్లో పళ్ళూ లేవు. ఉన్నవల్లా రెండు చేతులు. ఆ చేతులతో జనపనార తాళ్ళు పేనేది. తుమ్మచెక్క రసంలో నానబెట్టి ఎండలో ఆరేసేది. ఊళ్ళో ప్రతి గేలానికీ ఆవిడ తాడే. చేప పడితే మాత్రం పట్టినవాడి పేరు చెప్పుకునేవారు. తాడు పేనినవాళ్ళ పేరు ఎవరు చెబుతారు?

ఏటా మాఘమాసంలో సూర పందెం జరిగేది. సూర అంటే ట్యూనా చేప. మనిషంత పొడుగు, పసుపు రెక్కలు, ఎద్దంత బలం. అది కూటికోసం వేట కాదు, సరదా. వల వెయ్యకూడదు. ఒక పడవ, ఒక గేలం, ఒక తాడు. ఒడ్డునున్న కొండలు కనబడనంత దూరం పోవాలి. పెద్ద సూరని తెచ్చిన ఊరికి ఏడాదంతా మీసం మీద చెయ్యే.

గవ్వలపాలేనికి వస్తాదు ఎల్లాజీ ఉన్నాడు. మొదటేడు అతని గేలానికి సూర పడింది. లాగాడు. తాడు తెగింది. రెండో ఏడు పడింది. ఇంకా గట్టిగా లాగాడు. తాడు తెగింది. మూడో ఏడు పడవకి కాలు తన్నిపెట్టి మరీ లాగాడు. తాడు తెగింది. మూడేళ్ళూ పక్కూరు ఇసకపేటే గెలిచింది.

"దాలమ్మ చేతుల్లో పస అయిపోయింది. వచ్చే ఏడు తాడు ఇసకపేట నుంచి తెచ్చుకుందాం" అన్నాడు ఊరి పెద్ద.

ఆ మాట దాలమ్మకి ముల్లులా గుచ్చుకుంది. ఏడాదంతా పేనుతూనే ఉంది. పందెం రోజు పొద్దున్నే మూడు చుట్టల తాడు భుజాన వేసుకుని ఒడ్డుకొచ్చింది.

"నా తాడు తెగనేదు నాయనా, మీరు తెంపీసినారు. నన్నూ పడవెక్కించుకోండి. ఈపాలి తెగితే మళ్ళీ నార ముట్టను."

అందరూ నవ్వారు. "ఆడది పడవెక్కితే చేప పడదే అవ్వా" అన్నాడు పెద్ద.

"మగోళ్ళెక్కిన మూడేళ్ళూ ఏటి పట్టుకొచ్చినారు?"

"గంగమ్మకి కోపమొస్తాది."

"గంగమ్మ మగోడేటి?"

ఎల్లాజీ అవ్వని ఎత్తి పడవలో కూర్చోబెట్టాడు.

డెబ్భై ఏళ్ళు ఒడ్డునే బతికిన మనిషి. కొండలు కనుమరుగయ్యాయి. ఒడ్డు కనబడని సముద్రాన్ని అదే మొదటిసారి చూడ్డం. "ఓలమ్మో, ఎంత నీలమో!" అని చప్పట్లు కొట్టింది.

అప్పుడే గేలానికి సూర పడింది. తాడు బుస్సుమని పరిగెత్తింది. ఎల్లాజీ గప్పున పట్టుకున్నాడు. అవ్వ అతని చేతిమీద ఒక్కటిచ్చింది.

"వదులు!"

"ఎల్లిపోతాది అవ్వా!"

"ఎల్లనీ. ఆడనీ."

సూర దక్షిణానికి పరిగెత్తింది. మొదటి చుట్ట అయిపోయింది. ఎల్లాజీ పట్టబోయాడు. "ఎల్లనీ. ఆడనీ." సూర లోతుకి దిగింది. రెండో చుట్ట అయిపోయింది. ఎల్లాజీ మళ్ళీ చెయ్యి చాచాడు. "ఎల్లనీ. ఆడనీ." సూర తూర్పుకి తిరిగింది. మూడో చుట్టలో బారెడు మిగిలింది.

దాలమ్మ బిగిసిన తాడు మీద వేళ్ళు ఆనించింది. ప్రతి పోగూ తను పేనిందే. ఏ పోగు ఎంత ఓర్చుకుంటుందో ఆ వేళ్ళకి తెలుసు. తలెత్తి అరిచింది:

"తెడ్లెయ్యండిరా! అది రాకపోతే మనమే ఎల్దాం!"

తెడ్లు పడ్డాయి. పడవ సూర వెనకాల పరిగెత్తింది. తాడు సడలింది. "ఇప్పుడు లాగు" అంది అవ్వ. ఎల్లాజీ లాగాడు. సూర బిగిస్తే వదిలాడు. సడలితే లాగాడు. పొద్దు వాలేసరికి సూర అలిసి, పసుపు రెక్కలు మెరుస్తూ పడవ పక్కన తేలింది. నలుగురు కలిసి పైకెత్తారు. తాడులో ఒక్క పోగూ తెగలేదు.

ఒడ్డున గవ్వలపాలెం గెలుపు డప్పులు మోగాయి. ఎల్లాజీ అవ్వని భుజానెక్కించుకుని ఊరంతా తిప్పాడు. ఊరి పెద్ద తన తలపాగా తీసి ఆవిడ మెడలో వేశాడు.

"తప్పు మాటన్నాను, దాలమ్మా."

"తప్పు సరే, ముందు ఆ సూర తలకాయ పులుసెట్టించు. పళ్ళు నేని నోటికి అదే మేలు!"

ఓడిన ఇసకపేటవాళ్ళని కూడా పిలిచి పులుసు పెట్టించింది. ఆ రాత్రి రెండూళ్ళూ ఒకే పంక్తిలో తిన్నాయి.

దాలమ్మ ఇంకా చాలా ఏళ్ళు బతికింది, చాలా తాళ్ళు పేనింది, నవ్వుతూ పోయింది. ఇప్పుడు నార తాళ్ళు లేవు, అంతా నైలానే. అయినా సూర పందెం రోజున ఊళ్ళో అందరికన్నా పెద్ద ముసలమ్మ పడవెక్కి కూర్చుంటే గానీ పడవ కదలదు. అందుకే ఏడాదంతా వయసు దాచుకునే గవ్వలపాలెం ఆడవాళ్ళు, ఆ ఒక్క పొద్దున మాత్రం ఒడ్డున నిలబడి "నాకు ఎనభై" అంటే "నాకు తొంభై" అని కొట్టుకుంటారు.