సింగమ్మ తెచ్చిన రాణిబొమ్మ

రాజుగారికి పాత బొమ్మలంటే ప్రాణం. ఎవరు బొమ్మ తెచ్చినా వయసు తేల్చి వెల కట్టేది ఆస్థాన పరీక్షకుడు భుజంగయ్య.

వానలు పడేలోగా ఇల్లు కప్పించుకోవాలని, వడ్రంగుల ఇంటి ముసలిది సింగమ్మ తమ తాతలనాటి చెక్క రాణిబొమ్మను కొలువుకు తెచ్చింది. దాన్ని చవగ్గా కొట్టేద్దామని భుజంగయ్య పెదవి విరిచాడు.

"ఇది నిరుడు చెక్కింది. పిల్లలు ఆడుకుంటారు, రెండు కాసులకు నాకిచ్చిపో."

"అలాగేనయ్యా. కానీ మావాళ్ళు రాజునూ రాణినీ ఒకే దుంగలో చెక్కి, పాదాల దగ్గర కోసి విడదీస్తారు. సింహాసనం పక్కనున్న ఆ రాజుబొమ్మ దీని జోడే."

రాజు తానే రెండు బొమ్మల పాదాలూ ఆనించి చూశాడు. చెక్కలోని గీతలు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తెగకుండా సాగాయి. ఆ రాజుబొమ్మను రెండువందల ఏళ్ళనాటిదని చెప్పి వెయ్యి వరహాలకు ఆయనకు అమ్మింది భుజంగయ్యే!

"అయితే ఇదీ నిరుటిదేనా?" అన్నాడు రాజు, తన రాజుబొమ్మను చూపిస్తూ.

భుజంగయ్య రాణిబొమ్మను మళ్ళీ తిప్పి చూసి, "చిత్తం... ఇదీ రెండువందల ఏళ్ళదే ప్రభూ" అన్నాడు.

రాజు నవ్వి వెయ్యి వరహాలు ఇప్పించాడు. భుజంగయ్య తనవైపు తిరగగానే సింగమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నన్ను రెండోసారి చూడకండి బాబూ, నాకింకా డెబ్బయ్యే!"