దాలమ్మ మడి

చెవి ఒగ్గితే చెబుతాను, ఊ కొడితే సాగుతుంది.

అనగనగా కొండలకీ సముద్రానికీ నడుమ ఒక రాజ్యం. ఆ రాజుకి తన ఏనుగులెన్నో తెలుసు, గుర్రాలెన్నో తెలుసు. రాజ్యంలో ధాన్యం ఎంత పండిందో మాత్రం తెలియదు.

కోతలవేళ కరణం గుర్రం దిగకుండానే బాటమీంచి చూసి, "పదహారణాల పంట" అని రాసేవాడు. రైతునడిగితే శిస్తు భయంతో, "గడ్డి తప్ప గింజ లేదు" అనేవాడు. మంత్రి ఆ రెండింటికీ నడిమి అంకె వేసి రాజుకి చూపించేవాడు.

ఆ రాజ్యంలో పడమటివైపు ఊళ్ళో దాలమ్మ అని ఒక కూలిమనిషి. మొగుడు లేడు. ఒక్కతే కూతురు. కోతలకెళ్ళి, కూలి గింజలు తెచ్చుకుని బతికేది.

ఒక ఏడు పడమటి ఊళ్ళలో పొట్టమీదున్న పైరు నిలువునా ఎండిపోయింది. మంత్రి కాగితంలో మాత్రం పంట పండింది. అందుకని రాజుగారి గాదెలు తెరవలేదు. జనం చింతపిక్కలు ఉడకబెట్టుకు తిన్నారు. అడవిదుంపలు తవ్వుకు తిన్నారు. అవీ అయిపోయాక మంచినీళ్ళు తాగి పడుకున్నారు. ఆ మాఘమాసంలోనే దాలమ్మ కూతురు పోయింది.

దాలమ్మ కొడవలి నడుముకి దోపుకుని మూడు రోజులు నడిచి కోటకెళ్ళింది.

"బాబూ, తమ కాగితంలో పండిందట. మా ఊరి చేలల్లో పండలేదు. ఆ కాగితం గింజలు నా బిడ్డకి అందలేదు."

రాజు మంత్రి కాగితం పక్కన పెట్టాడు. "మరి నిజం ఎవరు చెబుతారు దాలమ్మా?"

"కొలిస్తే చేనే చెప్తాది బాబూ."

"రాజ్యమంతా కొలవగలమా?"

"అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా తింటామా? మెతుకు పట్టి చూస్తాం."

"ఏ మెతుకు పట్టాలి?"

"నేను ఏరితే నా కన్ను నాకు కావలసిన చోటికే పోతాది. కళ్ళు మూసుకుని కర్ర ఇసరాల. పడ్డచోట ఆ కర్ర పొడవున నాలుగుపక్కలా మడి గీసి, కోసి, నూర్చి, అందరి ముందూ కొలవాల. ఊరికి పది చోట్ల."

రాజు సరేనని ఆ పని దాలమ్మకే అప్పగించాడు.

మొదటి ఊళ్ళో కర్ర పల్చటి పైరులో పడింది. కరణం, "అటు జరుపు, రాజుగారు సంతోషిస్తారు" అన్నాడు. దాలమ్మ, "కర్ర పడ్డచోటే" అంది.

రెండో ఊళ్ళో కర్ర ఒత్తైన పైరులో పడింది. రైతు చేతులు పట్టుకుని, "గట్టువైపు జరుపు తల్లీ" అన్నాడు. దాలమ్మ, "కర్ర పడ్డచోటే" అంది.

మూడో ఊరు ఆమె పుట్టినూరు. కర్ర తిన్నగా వెళ్ళి ఆమె అన్న పోలినాయుడి చేలో, కాలవ పక్కన బంగారంలా పండిన మూల పడింది.

"చెల్లీ, చేనంతా ఇలా లేదు. శిస్తు పెరిగితే నా పిల్లలేం తింటారు? నీ అన్నని కదే!"

దాలమ్మ నడుమునున్న కొడవలి తీసింది. కూతురు పోయినప్పుడు పాడె మోసినవాడు ఈ అన్నే.

"ఊళ్ళో ఇంకా తొమ్మిది కర్రలు పడతాయి అన్నా. పల్చటి చోటా పడతాయి. ఇది మాత్రం పడ్డచోటే" అని వంగి కోసింది. పోలినాయుడు మూతి ముడుచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆమెతో మాట్లాడలేదు.

పని మెచ్చి రాజు, "మాన్యం ఇస్తాను" అన్నాడు.

"మాన్యం వద్దు బాబూ. ఊరికొక మనిషిని ఇయ్యండి. నేను రేపు పోతే ఈ పని పోకూడదు."

ఆడా మగా వచ్చారు. చదువు రానివాళ్ళే ఎక్కువ. కుంచానికొక ముడి వేసి తాడుతో లెక్క కట్టడం నేర్పింది. ఎండిన గింజనే కొలవమని నేర్పింది. అన్నిటికన్నా కష్టమైంది ఆఖర్న నేర్పింది, కళ్ళు నిజంగా మూసుకోవడం. అలా ఊరూరా తిరుగుతూనే ఒక వేసవిలో జ్వరం తగిలి, బాట పక్కన ఎవరో పెట్టిన చాపమీద కన్నుమూసింది.

ఆ ఏడే మళ్ళీ వాన మొహం చాటేసింది. కోతలు ముగియకముందే ఊరూరి నుంచీ ముడుల తాళ్ళు కోటకి చేరాయి. ఏ ఊళ్ళో గింజ లేదో రాజుకి తెలిసింది. ఆకలికన్నా ముందే రాజుగారి గాదెల నుంచి ధాన్యం బళ్ళు బయల్దేరాయి. పోలినాయుడి గుమ్మంలో కూడా బండి ఆగింది. నీ చేను ఎండిందా అని ఎవరూ అడగలేదు, ఊరి తాడు ముందే చెప్పేసింది. అతను బస్తా దింపుకోలేక దానిమీద తల ఆనించి, చెల్లెల్ని పేరుపెట్టి పిలుస్తూ ఏడ్చాడు.

ఇప్పటికీ ఆ వైపు కోతలు మొదలెట్టేముందు ఇంటి పెద్దామె కళ్ళు మూసుకుని చేలోకి కర్ర విసురుతుంది. పడ్డచోటుని దాలమ్మ మడి అంటారు. అది కోసి కొలిచాకే తక్కిన చేలో కొడవలి పెడతారు. కర్ర తనకి నచ్చని చోట పడి రైతు నసిగితే, ముసలమ్మలు నవ్వి, "దాలమ్మ అన్న కూడా ఇలాగే అలిగాడులే నాయనా, కొయ్యి" అంటారు.