ఉలవచారులో పిడికెడు ఉప్పు

ఒకానొక రాజ్యంలో, రాజులకు ఊళ్ళకంటే బిరుదులే ఎక్కువగా ఉన్న కాలంలో, రణమల్లుడనే రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. పావురాలకు గింజలు తానే వేసేవాడు. పట్టపుటేనుగు ముసలిదై చనిపోయిననాడు కళ్ళు తుడుచుకున్నాడు కూడా. కాకపోతే లెక్కల్లో తనంతవాడు లేడని ఒక నమ్మకం. చిన్నప్పుడు చదువు చెప్పిన గురువు ఎప్పుడో భయంకొద్దీ "భేష్" అని ఉంటాడు. అది పట్టుకుని పెద్దయ్యాక 'గణితకంఠీరవ' అన్న బిరుదు తనకు తానే తగిలించుకున్నాడు. భయంకొద్దీ అన్న భేష్‌లు ఎంతమందిని పాడుచేశాయో, అది వేరే కథ.

ఆయన కొలువులో వేంగళయ్య అనే చమత్కారి ఉండేవాడు. ఊరు తంగేడుపల్లె. తల్లి చిన్నప్పుడే పోతే అక్క మాచమ్మే పెంచింది.

ఆ ఏడు వానలు తగ్గగానే రాజ్యమంతా చలిజ్వరం పట్టుకుంది. అక్కకూ వచ్చిందని కబురు తెలిసి వేంగళయ్య పల్లెకు పరుగెత్తాడు. వీధిలో ఏ ఇంటి ముందు చూసినా ముగ్గు లేదు. అక్క రెండు బొంతల కింద వణుకుతోంది.

"వచ్చావా నాయనా! ఏమైనా తిన్నావా?" అంది పళ్ళు టకటకలాడుతుంటే.

"నా తిండి సంగతి తరవాత. నీకెలా ఉంది?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. బొంత కదులుతోందంటే దానికి చలేస్తోందన్నమాట."

వేంగళయ్యకు నవ్వు రాలేదు. చమత్కారం తనకు అబ్బింది ఎక్కడినుంచో ఎవరూ చెప్పనక్కరలేదు గానీ, ఆ పూట అది వినడం కష్టమైంది.

"ఒరే తమ్ముడూ, ఈ ఊళ్ళో జనం నిలబడ్డారంటే ఆ వైద్యుడి కషాయంతోనే. ఒక్కడే మనిషి, గడప గడపకూ తిరుగుతున్నాడు. అతన్ని ఎటూ పోనివ్వకండిరా."

వేంగళయ్య రాజధానికి తిరిగి వచ్చేసరికి కొలువులో సరిగ్గా ఆ మాటే నడుస్తోంది.

"రత్నగిరిపేటలో మూడువందలమందికి జ్వరం. తంగేడుపల్లెలో నలభైమందికే," అన్నాడు రాజు మీసం దువ్వుతూ. "మూడువందలెక్కడ, నలభై ఎక్కడ! పల్లెలో ఉన్న వైద్యుణ్ణి కూడా మూలికలతో సహా పేటకు రప్పించండి. ఎల్లుండి పొద్దుటికల్లా బయలుదేరాలి."

సభంతా "ఆహా" అంది.

"ప్రభూ, ఆ పల్లె మరీ చిన్నది..." అన్నాడు వేంగళయ్య.

"చిన్న పల్లెకు చిన్న జ్వరం. గణితకంఠీరవుడికి లెక్కలు నేర్పుతావా?"

సభంతా నవ్వింది. వేంగళయ్య నోరు మూసుకున్నాడు. ఎదురుచెప్పిన కొద్దీ రాజు బిగుసుకుంటాడని అతనికి తెలుసు. కానీ రాత్రంతా కళ్ళు మూస్తే బొంత కదులుతూ కనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం కొలువువాళ్ళందరికీ రాజుతో సహపంక్తి భోజనం. ఆ వంటశాలలో ఉలవచారు కాచడమంటే మాటలు కాదు. తెల్లవారుజామునే పొయ్యిమీదికెక్కితే విస్తళ్ళు పరిచే వేళకు గాని దిగదు. రాజుకు అది ప్రాణం. ఉప్పు రవ్వంత ఎక్కువైతే మాత్రం వంటవాడి ప్రాణానికే వస్తుంది.

ఆ పూట వడ్డన తానే చేస్తానని వేంగళయ్య ఉత్తరీయం నడుముకు బిగించి, రాజు విస్తరి ముందు నిలబడ్డాడు.

"ప్రభూ, ఇవాళ చారు రెండు పాత్రల్లో కాచారు. ఒకదాంట్లో పన్నెండు పిడికిళ్ళ ఉప్పు పడింది. రెండోదాంట్లో ఒక్క పిడికెడే. తమకు ఏది వడ్డించమంటారు?"

"ఇది కూడా అడగాలా?" అన్నాడు రాజు. "పన్నెండెక్కడ, ఒకటెక్కడ! ఒక్క పిడికెడు వేసిందే తీసుకురా."

వేంగళయ్య లోపలికి వెళ్ళి తెచ్చి, అన్నంలో ధారగా పోశాడు. రాజు కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మరుక్షణం ముఖం ఎర్రబడింది, మీసాలు నిక్కాయి, ముద్ద బయటికొచ్చింది. చెంబెడు నీళ్ళు గడగడా తాగి అరిచాడు.

"ఓరి నీ తెలివి తగలెయ్య! ఒక్క పిడికెడన్నావు కదరా! ఆ పిడికెడూ ఎంత గిన్నెలో వేశావు?"

వేంగళయ్య చేతులు జోడించాడు.

"ఇంత గిన్నెలో ప్రభూ," అంటూ అరచేతిలో ఇమిడే ఇత్తడి గిన్నె చూపించాడు. "పన్నెండు పిడికిళ్ళు పడ్డది, అదుగో, నలుగురు మోసుకొస్తున్న ఆ గంగాళంలో. ఎంత గిన్నెలో అని తమరు అడుగుతారనే నిన్నటినుంచి కాచుకుని ఉన్నాను. రత్నగిరిపేట గంగాళం ప్రభూ. మూడువేల గడపలు. మూడువందలమందికి జ్వరమంటే పది గడపలకు ఒకరు. మా తంగేడుపల్లె ఈ గిన్నె. అరవై గడపల్లో నలభైమంది. మూడు గడపలు దాటితే ఇద్దరు మూలుగుతుంటారు."

రాజు ఆ చిన్న గిన్నెను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"అక్కడ నీకెవరున్నారు?" అన్నాడు మెల్లగా.

"అక్క ప్రభూ. మంచంమీద ఉంది."

"ఆ మాట ముందే చెప్పకపోయావా? వైద్యుణ్ణి కదిలించేవాణ్ణా?"

"నా ముఖం చూసి ఉంచేవారు. కానీ ఇలాంటి పల్లెలు ఇంకా ఎన్నో. అక్కడి అక్కలందరికీ కొలువులో తమ్ముళ్ళు లేరు కదా ప్రభూ."

రాజు ఆ గిన్నెను విస్తరి పక్కన పెట్టాడు. "పేటలోనూ ఒళ్ళు కాలుతున్నవాళ్ళు ఉన్నారు. అక్కడి వైద్యులు అక్కడే ఉండనీ," అన్నాడు. "పల్లె వైద్యుడు పల్లెలోనే ఉంటాడు. నా ఆస్థాన వైద్యులిద్దరూ ఈ సాయంత్రమే అతనికి తోడు వెళతారు. తక్కిన ఊళ్ళలో ఎన్ని గడపలకు ఎంతమందికి జ్వరమో లెక్కపెట్టించి, ఆ లెక్కను బట్టి మూలికలు పంచండి."

ఆ తరవాత వేంగళయ్య వంక కళ్ళెర్రజేసి చూశాడు. "ఇన్నేళ్ళు నా ఉప్పు తిని, చివరికి నాకే ఉప్పు తినిపిస్తావా?"

"ఋణం తీర్చుకుందామనుకున్నాను ప్రభూ. కాస్త చెయ్యి జారింది."

రాజు ఆపుకోలేక పకపకా నవ్వాడు. నవ్వుతూనే లేచి, తన భుజంమీది జరీ శాలువా తీసి వేంగళయ్యకు కప్పాడు.

వేంగళయ్య వైద్యుల బండిలోనే పల్లె చేరి, ఆ శాలువాను బొంతల మీద పరిచాడు. మాచమ్మ నీరసంగా దాన్ని తడిమి చూసింది.

"ఏమిట్రా ఇది, గుచ్చుకుంటోంది?"

"రాజుగారి సన్మానం అక్కా."

"వెచ్చదనం ఉందా అంటే లేదు. ఈసారి సన్మానం చేసేటప్పుడు నూలుది ఇమ్మని చెప్పు."

మాచమ్మకు జ్వరం తగ్గి పథ్యం తినే రోజులొచ్చాక ఆ మాట ఎలాగో రాజు చెవిన పడింది. అంతఃపురం వరకు వినిపించేలా నవ్వి, తంగేడుపల్లెకు నూలు దుప్పట్లు పంపమని బొక్కసం అధికారికి చెప్పాడు.

"ఎన్ని పంపమంటారు ప్రభూ?" అన్నాడతను.

"నన్నడుగుతావేం? ఆ ఊరికి ఎన్ని గడపలో అడుగు," అన్నాడు రణమల్లుడు.