ముప్పై ఏడు సుద్ద గుర్తులు

రాస్తూ రాస్తూ దిద్దుకోవాలా, రాయడం పూర్తయ్యాక దిద్దుకోవాలా? ఈ ప్రశ్న అడిగినది భ్రమరాంబ గారు. ఆదివారం మధ్యాహ్నాలు సుందరరామయ్య మాస్టారి వరండాలో చేరే మా ఏడెనిమిది మందిలో అందరికన్నా శ్రద్ధ గల మనిషి ఆవిడే, అందరికన్నా వెనకబడ్డ మనిషీ ఆవిడే. ఉద్యోగం తపాలా ఆఫీసులో. నాలుగేళ్ళుగా ఒక నవల రాస్తున్నారు. రొయ్యల షెడ్డులో ముప్పై ఏళ్ళు పనిచేసి, తోటి ఆడవాళ్ళను కూడగట్టి యజమానిని ఎదిరించిన వాళ్ళ అమ్మ కథ అది. నాలుగేళ్ళలో ఆ కథ నాలుగో అధ్యాయం దాటలేదు గాని, మొదటి అధ్యాయం మాత్రం పదకొండుసార్లు తిరగరాయబడింది. మాలో కొందరికి అది కంఠతా వచ్చేసింది. ఆవిడ చదవబోతుంటే నేను ముందే వాక్యం అందించి ఏడిపించేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ రోజు ఆవిడ నవ్వే స్థితిలో లేరు. దీపావళిలోగా ఇది ఒక కొలిక్కి రాకపోతే కాగితాలన్నీ పొయ్యిలో పెట్టేస్తానని నెమ్మదిగా, కళ్ళు పైకెత్తకుండా చెప్పారు. ఊరికే అనే మనిషి కాదు.

మాస్టారు పదమూడు నవలలు రాశారు. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పిన పాపాన మాత్రం ఏనాడూ పోలేదు. ఐదు రోజులు సెలవు దొరుకుతుందా అని అడిగారు. దొరుకుతుందన్నారు ఆవిడ. అయితే రేపు పొద్దున్నే ఒక సుద్దముక్క పట్టుకుని తాళ్ళరేవు అవతల ఉప్పుటేటి ఒడ్డుకి రమ్మన్నారు. పిలవకపోయినా చోద్యం చూడటానికి నేనూ వెళ్ళాను.

అవి సముద్రంలో చేపల వేట నిషేధం ముగుస్తున్న రోజులు. రెండు నెలలుగా ఒడ్డున పడి ఉన్న నావలు ఎండకి పగుళ్ళిచ్చి ఉన్నాయి. వాటిలో ఒకటి మాస్టారికి పాత పరిచయమైన సంగాడి పోలయ్యది. శుక్రవారం అందరితో పాటు అది సముద్రం మీదకి వెళ్ళాలి. లోపల కూర్చుని చూస్తే చెక్కకీ చెక్కకీ మధ్య నుంచి ఆకాశం కనబడుతోంది. ఎక్కడెక్కడ వెలుతురు వస్తోందో అక్కడల్లా సుద్దతో గుర్తు పెట్టమన్నారు మాస్టారు. ఇలాంటి పని భ్రమరాంబ గారికి పండగ. గంటసేపు వంగి, పాకి, ముప్పై ఏడు గుర్తులు పెట్టారు. ఒక్క సందు వదల్లేదు.

తరవాత ఆవిడ దూది, గుగ్గిలం ఎక్కడున్నాయని అడిగారు. ఆ సందుల్లో దూది కూరి, పైన గుగ్గిలం పూయడం పడవల పని అని ఆ తీరంలో అందరికీ తెలుసు. పోలయ్య తల అడ్డంగా ఊపాడు. నావ వెనక కొసన, అడుగున ఉండే మడమ దగ్గర చెక్క ఒకటి పూర్తిగా పుచ్చిపోయి, చెయ్యి దూరేంత కన్నం పడి ఉంది. అతను ఆ ఒక్కదాన్నే ఊడదీసి కొత్తది బిగించాడు. మిగతా సందుల వంక చూడనైనా చూడలేదు. పోటు రాగానే నలుగురు కలిసి నావని తాళ్ళతో ఏట్లోకి లాగారు.

నావ నిండిపోయింది. అన్ని పక్కల నుంచీ ఒక్కసారే నీళ్ళు. భ్రమరాంబ గారు ఉండబట్టలేక ఒక డబ్బా అందుకుని, చీర కుచ్చెళ్ళు దోపుకుని, మోకాలి లోతు నీళ్ళలో దిగి తోడటం మొదలుపెట్టారు. పోలయ్య ఒడ్డున కూర్చుని బీడీ ముట్టించాడు.

"ఆ డబ్బా పక్కన పెట్టండమ్మా," అన్నాడు. "పోయినేడు నేనూ మీలాగే తొందరపడ్డాను. ఎండలో ఉండగానే సందు సందుకీ దూది కుక్కేసి, నా అంత పనోడు లేడనుకున్నాను. నీళ్ళు తాగితే సెక్క ఉబ్బుతాది కదండీ. ఉబ్బడానికి సోటు లేక ఒకదాన్నొకటి తోసుకుని, రెండు సెక్కలు మేకులతో సహా లేసిపోయినాయి. ఊరంతా ఏటకెళ్తే నేను ఒడ్డున కూకున్నాను."

మరి ఆ మడమ దగ్గర చెక్క ముందే ఎందుకు మార్చావని ఆవిడ అడిగారు. ప్రశ్న వేయడంలో ఆవిడ ఎంత నీళ్ళలో ఉన్నా తగ్గరు.

"లేని సెక్క ఏం ఉబ్బుతాదండీ?" అన్నాడు పోలయ్య.

మూడు రోజులు నావ అలా మునిగే ఉంది. ఆవిడ రోజూ వచ్చి దాని ఎదురుగా కూర్చుని, పరీక్ష ఫలితాల కోసం ఎదురుచూసేవాళ్ళలా గోళ్ళు కొరుక్కున్నారు. గురువారం ఏరు వెనక్కి తీసే పాటు వేళకి నావలో నీళ్ళు తోడేసి, అందరం లోపలికి వంగి చూశాం. చెక్కలు ఒకదానికొకటి ఒరుసుకుని బిగిసిపోయి ఉన్నాయి. కారుతున్నవి నాలుగంటే నాలుగు చోట్లు. అందులో రెండు చోట్ల భ్రమరాంబ గారి సుద్ద గుర్తే లేదు. పొడిగా ఉన్నప్పుడు అక్కడ వెలుతురు కూడా రాలేదు మరి. ఆవిడ ఆ రెండింటినీ వేలితో తడిమి తడిమి చూశారు. పోలయ్య మధ్యాహ్నం భోజనానికి ముందే నాలుగూ పూడ్చేశాడు.

శుక్రవారం పొద్దున ఏరు సముద్రంలో కలిసే మొగలో నావలన్నీ బారులు తీరాయి. పోలయ్య నావ అందరికన్నా ముందు మొగ దాటింది. నడుమెత్తు కెరటాన్ని ఎక్కి, దిగి, చుక్క నీరు లోపలికి రానివ్వకుండా సాగిపోయింది. ఒడ్డున ఆడవాళ్ళు కేరింతలు కొట్టారు. భ్రమరాంబ గారు వాళ్ళకన్నా గట్టిగా చప్పట్లు కొట్టి, నావ కనుమరుగయ్యేదాకా కదల్లేదు. ఆ ఐదు రోజుల్లో మాస్టారు ఆవిడతో నవల ఊసెత్తలేదు.

తరవాత సంగతి ఆవిడే చెప్పారు. ఇంటికి వెళ్ళి రాసినదంతా ఒకసారి చదువుకుంటే, షెడ్డు యజమాని ఎందుకంత మొండికేశాడో కథలో ఎక్కడా లేదని తేలిందట. పదకొండుసార్లు దిద్దినప్పుడు కనబడనిది ఒక్కసారి చదివితే కనబడింది. అది లేకుండా ఐదో అధ్యాయం నిలవదు. ఆ ఒక్క ఘట్టం రెండు రోజుల్లో రాసి, ఇక వెనక్కి తిరగకుండా ముందుకు పోయారు. ఆదివారాలు వట్టి చేతులతో వచ్చేవారు. ఏమైనా చదవమంటే, చదవడానికి తగ్గట్టు లేదు, రాయడానికి మాత్రం బాగుంది అనేవారు. నాకు లోలోపల కొంచెం అసూయగా ఉండేది. నా నవల కూడా అప్పటికి రెండో అధ్యాయంలోనే కూర్చుని ఉంది, ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

దీపావళికి ఇంకా పన్నెండు రోజులున్నాయనగా ఆవిడ గుడ్డసంచితో వచ్చి, నాలుగు వందల పన్నెండు పేజీలు మాస్టారి ముందు పెట్టారు. ఆఖరి అధ్యాయం నిలబడి చదివారు. షెడ్డు గేటు ముందు వాళ్ళమ్మ ఒక్కతే నిలబడుతుంది. ఒక్కొక్కరే వచ్చి వెనక చేరతారు. తొంభై మంది అవుతారు. గేటు తెరుచుకుంటుంది. అంతే. వాక్యాలు అక్కడక్కడా కుంటుతున్నాయి, ఒకచోట ఒక మనిషి పేరే మారిపోయింది. అయినా మేమెవరం కళ్ళు తుడుచుకోకుండా వినలేకపోయాం. ఆట పట్టించడానికి నాకు ఒక్క వాక్యం కూడా ముందుగా తెలియదు.

చదవడం అయ్యాక చాలాసేపు చప్పట్లు. భ్రమరాంబ గారి మొహం వెలిగిపోతోంది. అంతలోనే పాత అలవాటు గుర్తొచ్చినట్టుంది, తలవంచుకుని అడిగారు.

"మొదటి అధ్యాయం చూసుకుంటే సిగ్గేస్తోంది మాస్టారూ. ఇప్పుడు దిద్దుకోనా?"

మాస్టారు కాగితాలు విప్పలేదు. కట్ట మొత్తాన్ని రెండు చేతులతో ఎత్తి ఆవిడకి తిరిగి ఇచ్చారు.

"దిద్దుకో అమ్మా. తను ఎక్కడికి వెళ్ళాలో ఇప్పుడు దానికి తెలుసు."