కుక్కల గూట్లో తిప్పక్క

ఊఁ కొడతారా? కొడితేనే చెప్తా. రైలింజను బొగ్గు తిని పొగ కక్కే కాలం. ఎప్పుడని నన్నడగద్దండి, మా అవ్వకే సరిగా తెలీదు. ఒక ఊర్లో తిప్పక్క అని ఒక ముసలామె ఉండె. మొగుడు లేడు, బిడ్డల్లేరు. ఉండేదంతా ఒక కుక్క. చెవి మీద మచ్చుందని దాన్ని మచ్చోడా అని పిలిచేది. తిప్పక్క తింటే మచ్చోడూ తినె, తిప్పక్క పస్తుంటే మచ్చోడూ పస్తుండె.

ఒక ఏడు వాన మొగం చాటేసె. బావులన్నీ ఎండిపాయె. ఊరంతా మూటలు కట్టుకొని కోస్తా దిక్కు వరికోతలకు రైలెక్కిరి. కుక్కల్ని మాత్రం ఇండ్లకాడే ఇడిసిరి. "ఎట్లో బతుకుతాయిలే" అనె కూలోళ్ల మేస్త్రి ఓబులేసు. నీళ్లే లేని ఊర్లో ఎట్ల బతుకుతాయిరా నాయనా? ఆ మాట ఎవురూ అడగల్యా. తిప్పక్క ఒక్కతే, "మచ్చోడు రాకుంటే నేనూ రాను" అని నిలబడిపాయె.

మొదటి రైలుకు మచ్చోన్ని గంపలో కూచోబెట్టి పైన పాతచీర కప్పె. టిక్కెట్లాయన రాగానే గంప మొరిగె. "దిగుమే!" అని దించేసినాడు.

రెండో రైలుకు కంబళిలో చుట్టి సంటిబిడ్డ మాదిరి ఎత్తుకొనె. టిక్కెట్లాయన వంగి చూసి, "అయ్యో పాపం, జొరమా?" అనె. ముద్దుమాట ఇనేసరికి కంబళి కింద తోక ఊగె. "దిగుమే!" ఎవురురా నవ్వేది? ఆమె ఏడస్తా దిగింది.

మూడో రైలుకు ఏమీ దాచల్యా. చివరి పెట్టెలో ఉండే గార్డు కాడికి నేరుగా పాయె.

"సామీ, ఇది కుక్కే. ఇడిసిపోతే చస్తాది. ఎట్ల తీస్కపోవాల్నో నువ్వే చెప్పు."

గార్డు మంచోడే. తన పెట్టెలో ఒక మూల కుక్కల కోసం కట్టిన ఇనుప గూడు చూపిచ్చినాడు. మచ్చోన్ని లోపలేసి తలుపు మూస్తే, వాడు అరిచిన అరుపుకు టేసనంతా చెవులు మూసుకొనె. తిప్పక్క తలుపు తీసి, కాళ్లు ముడుచుకొని తానూ లోపల దూరె.

"అవ్వా, అది కుక్కలకు!"

"కుక్కను మనుషుల పెట్టెలోకి రానీరు. మనిషి కుక్కల గూట్లోకి పోకూడదని ఎవురన్నా చెప్పినారా సామీ?"

గార్డు పకపకా నవ్వినాడు. నవ్వి నవ్వి కండ్లు తుడ్చుకున్నాడు.

రైలు దిగిన తిప్పక్క నడుం పట్టేసి, కుంటుకుంటా, మచ్చోన్ని ఎంటేసుకొని కోతలకాడికి చేరె.

"ఎట్లొస్తివక్కా?"

"కుక్కల గూట్లో వస్తి."

ఊరోళ్లు ఇరగబడి నవ్విరి. అంతలోనే ఒక్కొక్కరికీ ఇంటికాడ ఇడిసొచ్చిన కుక్క మతికొచ్చె. ఆ పూట ఎవురికీ ముద్ద దిగల్యా.

కోతలు ముగియకముందే తిప్పక్కకు జొరం తగిలె. పానం పోయేముందు ఓబులేసు చెయ్యి పట్టుకొని ఒకటే అడిగె: "వాన్ని ఒంటిగా తీస్కపోవద్దు నాయనా. బయపడతాడు."

తిరుగు రైల్లో మచ్చోన్ని గూట్లో ఏస్తే అదే అరుపు. అప్పుడు ఓబులేసు తలపాగా తీసి పక్కన పెట్టి, గూట్లో దూరి, వాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. రెండో టేసన్లో ఓబులేసు బయటికొస్తే ఇంకొకరు దూరిరి. మూడో టేసన్లో మరొకరు. అట్ల ఊరంతా వంతులేసుకొని గూట్లో కూచుని మచ్చోన్ని ఇంటికి చేర్చె.

ఊర్లో వానలు పడుండె. ఎదురొచ్చి మొరిగేదానికి మాత్రం ఒక్క కుక్క లేకపాయె. మచ్చోడొక్కడే వీధి వీధీ తిరిగి మొరిగినాడు.

ఇప్పుడు బస్సులొచ్చె, లారీలొచ్చె. అయినా ఆ దిక్కు జనం వలస పోయేటప్పుడు ఎవురో ఒకరు గట్టిగా అరుస్తారు: "రెండుకాళ్లోళ్లు ఎక్కినారా? నాలుక్కాళ్లోళ్లు ఎక్కినారా?"

"ఎక్కినారు! తిప్పక్క పక్కనే ఉండారు!"

ఆ జవాబొచ్చేదాకా బండి కదల్దు.