తొలిచాలు

గుట్టకింద ఊరిని రాజు సైన్యం నరికి పూడ్చేసింది. ఆపైన, "అక్కడ ఊరే లేదు, ఎవరూ చావలేదు" అని రాజు చాటింపు వేయించాడు. నరికినవాడికి తుడవడం ఎంతసేపు?

ఆ ఊళ్లో చచ్చిన అక్కను తలచుకుని, ఊరిని పూడ్చిన బీడులో ఏడ్చిందని సన్నెమ్మను కట్టి సభకు తెచ్చారు. తలారి కత్తి ఆమె మెడకు చల్లగా తగులుతోంది.

"లేనివాళ్లకోసం ఏడుపేమిటే?" అన్నాడు రాజు.

"బుద్ధి తక్కువై ఏడ్చాను, ప్రభూ. అది ఉత్త బీడేనని జనం నమ్మాలిగా! ఈ ఏరువాకకు తొలిచాలు తమరే అక్కడ దున్నండి. ఏమీ బయటపడకపోతే నా తల తీయించండి."

నిండు సభలో రాజు కాదనలేకపోయాడు.

ఏరువాకనాడు బీడు చుట్టూ జనం మూగారు. రాజు నాగలి మేడి పట్టాడు గాని, కర్రు మట్టిలోకి దించలేదు.

"నొక్కండి ప్రభూ, ఉత్త మట్టేగా!" అంది సన్నెమ్మ.

రాజు మేడి వదిలేశాడు. జనంలో ఒక ముసలమ్మ కొడుకు పేరు పెట్టి గొల్లుమంది. ఆపమనడానికి రాజుకు నోరు రాలేదు.